కార్మిక సంబంధముల పట్టమునకు అర్హత యేది?

ఒక విశ్వవిద్యాలయము తన విద్యార్థికి పట్టము నొసగుటకు ముందు అతనినుండి యేమి కోరుచున్నదో చూచినచో, ఆ విద్యను ఆ విశ్వవిద్యాలయము ఎంత గౌరవించుచున్నదో తెలిసిపోవును. రోగిని ముట్టి చూడనివానికి వైద్యపట్టము నెవ్వరును ఇయ్యరు. తరగతిలో నిలువబడి పాఠము చెప్పనివానికి ఉపాధ్యాయపట్టము దొరకదు. ఈ విషయములలో మనకు సందేహము లేదు. మరి, కార్మికునకును యజమానికిని నడుమ గల సంబంధములే నా శాస్త్రమని చెప్పుకొను పట్టభద్రుడు ఒక్క జీతపు చీటినైనను విప్పి చూడక, ఒక్క కార్మికునితోనైనను కూర్చుండి మాటాడక, పట్టము చేతబట్టుకొని బయటికి రావచ్చునా? వచ్చుటకు నేటి యేర్పాటులలో అడ్డమేమియు లేదు. రాగూడదని మా మతము.

ఈ ప్రశ్న నిప్పుడెత్తుటకు కారణము గలదు. 2025 నవంబరు 21వ తేదీన కేంద్రప్రభుత్వమువారు నాలుగు కార్మిక స్మృతులను అమలులోనికి దెచ్చిరి. పాత చట్టములు 29 వానిలో గలిసిపోయినవి. 1926 నాటి ట్రేడు యూనియనుల చట్టము, 1946 నాటి స్టాండింగు ఆర్డర్ల చట్టము, 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము, ఈ మూడును ఒక్క స్మృతియందే యిమిడినవి. ఈ స్మృతుల మంచిచెడ్డలు వేరుగా చర్చింపదగినవి. నేటి ప్రసంగమునకు వానిలోని రెండంశములు చాలును. 500 మంది పనిచేయు ఫ్యాక్టరీకి గాని గనికి గాని సంక్షేమాధికారి యుండవలెనని పూర్వపు నిబంధనలు చెప్పినవి; క్రొత్త స్మృతి యా సంఖ్యను 250కి దించినది. ఇక సంప్రతింపుల మాట. నూటికి 51 మంది బలము గల సంఘమే యజమానితో మాటాడుట కధికారము గల సంఘమనియు, అట్టిది లేనిచోట నూటికి 20 మంది బలము గల సంఘములన్నియు గూడిన మండలి మాటాడవలెననియు నిర్ణయించిరి. ఒకవైపున అధికారుల సంఖ్య పెరుగవలసి యున్నది. మరియొకవైపున లెక్క తెలిసి బల్లయొద్ద కూర్చుండగల కార్మిక ప్రతినిధుల యవసరము పెరిగినది. ఇరువైపులవారిని తయారుచేయు చదువు ఏది? దానికి పరీక్ష యెట్టిది?

రాజధానిలో కూర్చుండి యీ మాట విచారించిన నొక తీరుగా దోచును. మహబూబాబాదునుండి నర్సంపేటకు బోవు దారిలోని గూడూరునుండి విచారించిన మరియొక తీరుగా దోచును. గూడూరును పారిశ్రామిక కేంద్రమని యెవ్వరును అనరు. పాకాల వాగు, వరిమళ్లు, పత్తిచేలు, మిరప కల్లములు, చుట్టును లంబాడీ తండాలు, కోయ పల్లెలు, ఇదియే యా మండలము. ఇట్టిచోట కార్మిక సంబంధముల చదువేల యని యడుగువారుందురు. ఇట్టిచోటనే కావలెనని మేమందుము. గూడూరు ప్రాంతపు యువకుడు పనికై ఊరు విడిచిన మరునాడే యీ శాస్త్రము చేతికి జిక్కుచున్నాడు. భూపాలపల్లిలో బొగ్గుగని కాంట్రాక్టరు క్రింద జేరినను, హైదరాబాదున మేస్త్రి క్రింద ఇటుకలు మోసినను, వరంగల్లున దుకాణములో మూటలు దించినను, ఒప్పందము, హాజరు, కోత, బకాయి యను నాలుగు మాటలే యతని బ్రదుకును నడపుచున్నవి. ఆ మాటల లోతు తెలిసినవాడు తరచుగా బల్లకు అవతలివైపున నుండును.

ఈ గడ్డకు ఈ శాస్త్రము క్రొత్తదియు గాదు. నేటి జనగామ జిల్లాలోని కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య ప్రాణము విడిచినప్పటి పోరాటము భూమి కొరకు మాత్రమే జరిగినది కాదు. వెట్టి యను పని సంబంధమును త్రెంచుట కొరకును జరిగినది. పాలకుర్తిలో చాకలి అయిలమ్మ తాను కౌలుకు జేసుకొన్న పంటను దొర గడీకి బోనీయనన్నప్పుడు అడిగినదేమి? ఎవరి కష్టమునకు ఎవరు హక్కుదారులన్న ప్రశ్నయే గదా. వెట్టిచాకిరిని దేశమంతట రద్దుచేయు చట్టము 1976లో వచ్చినది. ఇంగ్లండులోని నూలుమిల్లుల చరిత్రను మొదటి పాఠముగా జదివి వెట్టిని చదువకుండ విడిచిపెట్టు కార్మికశాస్త్రము మన శాస్త్ర మెట్లగును?

పరిశ్రమల చరిత్రయు మన యెదుటనే యున్నది. వరంగల్లున 1934లో నెలకొన్న ఆజంజాహీ మిల్లు 2002లో మూతబడెను. కమలాపురమందలి రేయాను గుజ్జు కర్మాగారములో 2014లో ఉత్పత్తి యాగిపోయెను. మిల్లు మూతబడునాడు కార్మికునకు రావలసినదేమి, ఏ బాకీ ముందు ఏ బాకీ వెనుక, ఏ గడువులోపల ఎవరికి అర్జీ యిడవలెను, ఈ సంగతులను తెలుగులో విప్పి చెప్పగల చదువరులు ఆ నాళ్లలో ఎందరు వారి ప్రక్కన నిలిచిరి? ఇప్పుడు గీసుగొండ, సంగెము మండలములలో 2017లో పునాది పడిన కాకతీయ మెగా వస్త్రపార్కు ఉన్నది. కాజీపేటలో రైల్వే వ్యాగన్ల కర్మాగారమునకు 2023లో పునాది వేసిరి. యంత్రములు వచ్చినపుడు యంత్రములు నడుపువారిని వెదకుదురు, అది యెట్లును జరుగును. మనుష్యుల నడుమ తగవు తీర్చువారిని ముందుగా సిద్ధపరచుకొనుట మాత్రము మనకలవాటు లేదు.

ఈ విద్యను పట్టభద్రస్థాయియందే నేర్పవచ్చు ననుటకు ప్రమాణము అమెరికాలో నున్నది. న్యూయార్కు రాష్ట్రమువారు 1945లో కార్నెలు విశ్వవిద్యాలయమున పారిశ్రామిక, కార్మిక సంబంధముల కళాశాలను నెలకొల్పిరి. సమ్మెలును లాకౌట్లును గలిగినపుడు ఇరుపక్షములవారును ఒకరినొకరు శత్రువులుగా జూచుకొనుటకు, వారు ఒక్కచోట గూర్చుండి ఒకే సంగతులను చదివి యుండకపోవుటయు నొక కారణమని ఆ రాష్ట్ర శాసనసభా సంఘమునకు దోచినది. ఆ సంఘమునకు అధ్యక్షుడైన ఐర్వింగు ఐవ్సుగారే ఆ కళాశాలకు తొలి డీను. అచ్చట పట్టము బొందుటకు 120 క్రెడిట్లు కావలెను. కార్మిక చరిత్ర, కార్మిక చట్టము, సమష్టి బేరము, శ్రమకు సంబంధించిన అర్థశాస్త్రము, గణాంకశాస్త్రము, సంస్థలలో మనుష్యుల నడవడి, అన్యదేశముల కార్మిక పద్ధతులు, ఇవి విద్యార్థి యిష్టమునకు విడువబడినవి కావు. యజమాని పక్షమున ఉద్యోగము చేయదలచినవాడును సమ్మెల చరిత్ర చదువవలసినదే; సంఘమునకు బోదలచినవాడును గణాంకములు చదువవలసినదే. మాకు నచ్చినది ఇదియే.

ఆ కళాశాలయందు 1957నుండి 1965లో మరణించువరకు పాఠములు చెప్పినవారిలో ఫ్రాన్సిసు పెర్కిన్సు అను మహిళ యొకతె. 1911లో న్యూయార్కున ట్రయాంగిలు బట్టల కర్మాగారము తగులబడి 146 మంది చనిపోయినపుడు ఆమె వీథిలో నిలిచి కండ్లార జూచినది. 1933 మొదలు 1945 వరకు అమెరికా కార్మికశాఖ కార్యదర్శిగా నుండినది. ఆ దేశపు మంత్రివర్గమున జేరిన మొదటి స్త్రీ యామెయే. అగ్నిప్రమాద నివారణ నిబంధనలను గూర్చి అట్టి గురువు చెప్పు పాఠమునకును, పుస్తకము చూచి చెప్పు పాఠమునకును భేదము మేము చెప్పనక్కరలేదు.

మనవైపు చూతము. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2022 డిసెంబరులో ప్రకటించిన ప్రణాళిక ననుసరించి మూడేండ్ల పట్టమునకు కనీసము 120 క్రెడిట్లు, నాలుగేండ్ల పట్టమునకు 160. సంఖ్యలో మనమును కార్నెలును సమానులమే! మూడేండ్ల చదువున ప్రధాన విషయమునకు 60 క్రెడిట్లు, వేసవి ఇంటర్న్‌షిప్పునకు 2 మొదలు 4 వరకు. ఒక్క క్రెడిట్టునకు 30 గంటల పని యని లెక్క. అనగా విద్యార్థి బయటి ప్రపంచములో గడపవలసినది 60 మొదలు 120 గంటలు. గనికార్మికుని ఎనిమిది గంటల షిఫ్టుతో భాగించి చూడుడు: ఎంత హెచ్చుగా లెక్కించినను 15 షిఫ్టులు! ఆ కొలది గంటలను సైతము ఏదేని కార్యాలయమున చల్లని గదిలో కాగితములు దొంతరపెట్టుచు గడపి ధ్రువపత్రము దెచ్చుకొన్న వలదనువారు లేరు.

మరియొక చిక్కు. మనయొద్ద ఈ విద్య యధికముగా బి.ఏ. తరువాతి తరగతులలోనే నిలిచిపోయినది. అచ్చటను దాని పేరు మారుచు వచ్చినది. ఒకప్పుడు సిబ్బంది నిర్వహణ, పారిశ్రామిక సంబంధములు అని జంటగా నుండిన పేరు పలుచోట్ల మానవ వనరుల నిర్వహణ యైనది. కాకతీయ విశ్వవిద్యాలయమునను ప్రభుత్వ పాలనాశాస్త్రముతో గూడియున్నది మానవ వనరుల విద్యయే. పేరులో నేమున్నదందురా? బొగ్గు ఒక వనరు, నీరు ఒక వనరు. వనరుతో ఎవ్వరును సంప్రతింపులు జరుపరు. సంబంధ మన్నచో ఇద్దరుండవలెను.

కావున పట్టమునకు అర్హతగా దేనిని విధింపవలెను? మా మనసులో నున్నవి చెప్పెదము.

మొదటిది భాష. 1955 నాటి గనుల నియమావళి సంక్షేమాధికారికి పట్టముండవలెనని చెప్పి ఊరకుండలేదు. కార్మికుల భాష వచ్చియుండవలెననియు జెప్పినది. 1946 నాటి స్టాండింగు ఆర్డర్ల చట్టము, పని నిబంధనలను ఇంగ్లీషునను, కార్మికులలో హెచ్చుమందికి తెలిసిన భాషయందును గోడకు దగిలింపవలెనని శాసించినది. చట్టము చేసినవారికి తోచిన యీ సంగతి చదువు చెప్పువారికి తోచకుండుట విచిత్రము. మూడేండ్లు కార్మిక చట్టమును ఇంగ్లీషులో జదివి, ఇంగ్లీషులో పరీక్ష వ్రాసిన యువకుని ఎదుటికి ఒక కూలి వచ్చి, "సారూ, నా పైసలు యాడికి పోయినయ్?" అని యడిగినపుడు, అతడు చదివిన చదువంతయు నాలుకమీదికి రాదు. గ్రాట్యుటీ, లే ఆఫ్, రిట్రెంచ్‌మెంటు అను మాటలు మాత్రము వచ్చును. అవి కూలికి కోత కోసినవాడు చెప్పిన మాటలే.

తెలుగులో శాస్త్రము చెప్పలేమనువారికి మన పొరుగుననే ప్రత్యుత్తర మున్నది. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమముగా నారంభమైనది. అందుకు ముందే 1917లో అనువాదశాల నేర్పరచి, శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి దెప్పించిరి. చట్టమును, గణితమును, వైద్యమును దేశభాషలో బోధించిరి. ఆనాడు తెలుగువారి భాషను విస్మరించిరన్న మాట సత్యమే; అయినను దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమని నిరూపించినవారును వారే. 1968లో తెలుగు అకాడమీ వెలసినది. తెలుగు పాఠ్యగ్రంథములను ముద్రించుటయే దాని పని. నాలుగు స్మృతులకును తెలుగు వ్యాఖ్యానము వ్రాయించుట అట్టి సంస్థ చేతిలోని పని. తెలుగు ఒక్కటియే చాలదని కూడ మేమెరుగుదుము. గూడూరు తండాలలో లంబాడీ మాటాడుదురు. హైదరాబాదు కట్టడములయొద్ద ఒడియాయు, భోజ్‌పురియు వినబడును. గూడూరు తండాలో బుట్టిన విద్యార్థి, తల్లి నేర్పిన లంబాడీని పరీక్షలో ప్రయోగించి మార్కులు దెచ్చుకొనుటకు వీలుండవలెను. నేడు ఆ భాష యతనికి కళాశాల గుమ్మమువద్ద విడిచిపెట్టవలసిన చెప్పులవంటిదైనది.

రెండవది లెక్క. పట్టభద్రుడు కాదలచిన ప్రతివానికిని చివరి పరీక్షలో ఒక నిజమైన జీతపు చీటి నియ్యవలెను. మూలవేతన మెంత, కరవుభత్య మెంత, ఇతర భత్యము లెన్ని, భవిష్యనిధికి ఎంత పోయినది, ఇ.ఎస్.ఐ.కి ఎంత పోయినది, ఓవర్‌టైముకు రెట్టింపు కూలి కట్టిరా లేదా, అతడు పరిశీలింపవలెను. క్రొత్త వేతనస్మృతి ననుసరించి మినహాయింపదగిన భత్యములు మొత్తములో సగమునకు మించరాదు. మించినచో మించిన భాగమును వేతనముగానే లెక్కింపవలెను. ఈ యొక్క నిబంధనచే గ్రాట్యుటీ మారును, భవిష్యనిధి మారును, చేతికి వచ్చునదియు మారును. పరీక్షకుని యెదుట గాదు, ఆ చీటి గల కార్మికుని యెదుట అతడు దీనిని వివరించవలెను. కార్మికుడు "సమజైంది" అన్ననాడు ఉత్తీర్ణుడు. మార్కు లెన్ని యిచ్చినను మాకు సమ్మతమే.

మూడవది, మేము అన్నిటికన్న నెక్కువగా బట్టుబట్టునది, క్షేత్రము. దీనికి మనరాష్ట్రమునందే యొక పూర్వానుభవము గలదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము అమలైన కాలమున, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2006నుండి సామాజిక తనిఖీలు పెద్దయెత్తున నారంభమైనవి. 2009లో అందుకు వేరుగా నొక సంస్థనే యేర్పరచిరి. కూలీల కుటుంబములలోని యువకులును యువతులును కొలదినాళ్ల శిక్షణ బొంది, మస్టరు రోల్లు చేతబట్టుకొని ఇల్లిల్లు దిరిగి, పేరు పేరున హాజరు సరిచూచి, గ్రామసభలో బిగ్గరగా చదివిరి. రానివాని పేరున వేసిన కూలి, చనిపోయినవాని పేరున వేసిన కూలి బయటబడినది. వారిలో అనేకులకు పట్టములు లేవు. పట్టభద్రులకు మన కళాశాలలు నేర్పని విద్యను వారు ఎండలో దిరిగి నేర్చుకొనిరి. ఇది చాలునని మేమనము. కాని ఇది లేనిదే పట్టము వలదని యందుము. 120 క్రెడిట్లలో కనీసము 20 క్రెడిట్లను క్షేత్రమునకే కేటాయించిన, 600 గంటలగును. సగము కార్మికులయొద్ద, సగము యజమాని కార్యాలయమున. రెండవ సగమును మేము మరచిపోయి చెప్పుట లేదు. యజమాని లెక్కలు తెలియక కార్మికునకు న్యాయము జేయలేరు.

క్షేత్ర మెక్కడ యని వెదుకనక్కరలేదు. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నవి. వానిలో గొన్నిటి పేరు కాకతీయ ఖని. హనుమకొండలోని విశ్వవిద్యాలయము పేరు కాకతీయ. ఒకే పేరు గల యీ రెంటికి నడుమ విద్యార్థులు ఏ మాత్రము రాకపోకలు సాగించుచున్నారో ఆ యధ్యాపకులే తమ్ము దాము ప్రశ్నించుకొందురు గాక. 1889లో ఇల్లెందున బొగ్గు త్రవ్వుట మొదలైనది. 1920లో సింగరేణి కంపెనీ యేర్పడినది. 1990 తరువాతి తొలియేండ్లలో ఏటేట వందలకొలది చిన్న పెద్ద సమ్మెలు జరిగిన ఆ సంస్థయందు, 1998లో రహస్య బ్యాలెటు ద్వారా గుర్తింపు సంఘమును ఎన్నుకొను పద్ధతి వచ్చినది. ఆ మొదటి యెన్నికలో ఏ.ఐ.టి.యు.సి. గెలిచినది, 2012లోను 2017లోను తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘము గెలిచినది, 2023 డిసెంబరు 27న మరల ఏ.ఐ.టి.యు.సి. గెలిచినది. సంఘము ఏది యైనను, ఓటువేసి ప్రతినిధిని నిర్ణయించు హక్కు గనికార్మికుని కెట్లు వచ్చెను, దానివలన తగవులు తగ్గినవా, కాంట్రాక్టు కూలీకి అందులో చోటేది? ఇంతకంటె మంచి పరిశోధనాంశము గూడూరు విద్యార్థికి ఏ దేశమున దొరకును?

మన తెలుగువాడే యైన వి.వి. గిరిగారు ఈ విషయమున ఒక మార్గమును జూపిరి. బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులను సంఘటితపరచినవారు, 1937లో మద్రాసు రాష్ట్రమున, 1952లో కేంద్రమున కార్మికమంత్రి యైరి. ప్రభుత్వము తీర్పరిగా గూర్చుండుటకంటె ఇరుపక్షములవారును తామై మాటాడుకొని తెమల్చుకొనుట మేలని వారి సిద్ధాంతము. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము సవరించినందుకు 1954లో పదవిని విడిచిరి. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు నేడు వారి పేరున్నది. మాటాడుకొని తెమల్చుకొనవలెనన్న సిద్ధాంతమునకు మాటాడగలవారు కావలెను గదా. ఆ పనికి మాత్రము పట్టభద్రస్థాయిలో పునాది వేయరైరి.

ఆక్షేపణ లుండును. కళాశాలలు యూనియను కచేరీలగునని కొందరందురు. కార్నెలు స్థాపించి ఎనుబదియేండ్లైనది. అమెరికాలో పెట్టుబడిదారు లింకను బ్రతికియే యున్నారు. దీనికి ఇంతకుమించి సమాధానము చెప్పనక్కరలేదు. కాని ఈ చదువు చదివినచో ఉద్యోగము వచ్చునా యని గూడూరు తండాలోని తండ్రి యడుగు ప్రశ్నను అట్లు త్రోసివేయరాదు. అది న్యాయమైన ప్రశ్న. సంక్షేమాధికారి పదవికి సామాజికశాస్త్రమునందో సంఘసేవయందో కార్మిక సంక్షేమమునందో ప్రభుత్వము గుర్తించిన పట్టము గాని డిప్లొమా గాని యుండవలెనని నిబంధన లుండుచు వచ్చినవి. కావున మొదటి విద్యార్థిని జేర్చుకొనక పూర్వమే, ఈ బి.ఏ. పట్టము ఆ పదవులకు సరిపోవునని ప్రభుత్వముచే ఉత్తరువు దెప్పించుకొనవలెను. ఆ పని విశ్వవిద్యాలయముది. పట్టము చేతికిచ్చి పంపిన తరువాత గుర్తింపు లేదని తెలిసినచో, పేదవాని మూడేండ్లు గంగపాలగును. అట్టి మోసము జరుగుటకంటె ఈ తరగతి తెరవకుండుటయే మేలు.

ఇంటర్న్‌షిప్పు కాలమున విద్యార్థికి బస్సు ఖర్చును పూటబత్తెమును ఎవరు భరింతురు? 600 గంటలు కూలి మానుకొని క్షేత్రమున దిరుగుమని కూలివాని బిడ్డకు చెప్పుట సులభము. కార్మిక సంక్షేమనిధులు మన రాష్ట్రమున నున్నవి. వానినుండి యీ విద్యార్థులకు భృతి నిచ్చుట ధర్మమునకు విరుద్ధము గాదు.

కాకతీయ విశ్వవిద్యాలయమువారు ఒక్కసారిగా అన్నిచోట్ల తెరువవలెనని మేము కోరము. మహబూబాబాదునందొక కళాశాలయందును, భూపాలపల్లియందొక కళాశాలయందును మొదలుపెట్టుడు. భూపాలపల్లిలో సగము స్థానములను పనిలో నున్న కార్మికులకు విడువుడు. పట్టణపు విద్యార్థి వారి ప్రక్కన గూర్చుండి నేర్చుకొనునది పుస్తకములో దొరకదు. అచ్చట తరగతులు ఏ వేళ పెట్టవలెనో విశ్వవిద్యాలయపు కాలపట్టికను జూచి గాక, కాకతీయ ఖనిలో మొదటి షిఫ్టు ఎన్ని గంటలకు దిగునో విచారించి నిర్ణయింపవలెను.